రెండు ఇంగ్లీషు వాక్యాలను ఒట్టి కామాతో అతికిస్తే: సమస్య - పరిష్కారం

లక్షణం: దిద్దిన కాగితంలో కామా చుట్టూ ఎర్ర సున్నా ఉంటుంది గానీ, స్పెల్లింగులో తప్పేమీ కనిపించదు. తిరుపతిలో డిగ్రీ పిల్లల వ్యాసాలు దిద్దేటప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ఈ తప్పును కామా స్ప్లైస్ అంటారు. ఉదాహరణకు, “వి రెస్టెడ్ ఎట్ గాలిగోపురం, వి రీచ్డ్ తిరుమల బై నూన్.”

మొదటి పరీక్ష: కామా తీసేసి ఫుల్‌స్టాప్ పెట్టి, రెండు ముక్కలనూ విడివిడిగా చదవాలి. రెండింటిలోనూ కర్త, సమాపక క్రియ ఉండి, దేనికది పూర్తి వాక్యంగా నిలబడితే అక్కడ కామా ఒక్కటే చాలదు. అర నిమిషం పట్టే ఈ పని మానేసి, ఊపిరి ఆగినచోటల్లా కామా పెట్టేవారే ఎక్కువ. అలిపిరి మెట్లెక్కుతూ రాసేవారికైతే ఆ లెక్కన అడుగడుగునా కామా పడుతుంది.

కారణం: “గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చొని, మధ్యాహ్నానికి కొండకు చేరాము” అన్న తెలుగు వాక్యంలో “కూర్చొని” అసమాపక క్రియ కాబట్టి కామా చక్కగా సరిపోతుంది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఆ క్రియ “వి రెస్టెడ్” అని సమాపకంగా మారిపోతుంది, కామా మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

పరిష్కారం: ఫుల్‌స్టాప్ పెట్టవచ్చు, కామా తరువాత “అండ్” చేర్చవచ్చు, లేదా “ఆఫ్టర్ వి రెస్టెడ్ ఎట్ గాలిగోపురం” అని మొదటి ముక్కను ఉపవాక్యంగా మార్చి కామాను అలాగే ఉంచవచ్చు. ఏది ముందో ఏది తరువాతో తెలియజేసే మూడో పద్ధతే ఇక్కడ నాకు నచ్చుతుంది. సెమికోలన్ కూడా తప్పు కాదు గానీ, దాన్ని పొదుపుగా వాడటం మంచిది.

అసలు చిక్కు “హౌఎవర్”తో వస్తుంది. చిత్తూరు వైపు మామిడి రైతు బంధువు ఒకరి కోసం రాసిన అర్జీలో నేను “ది ఫ్యాక్టరీ వజ్ ఓపెన్, హౌఎవర్ అవర్ లారీ వెయిటెడ్ టిల్ నైట్” అని రాశాను. చదువుతుంటే ఏదో తేడాగా అనిపించి, “హౌఎవర్” తరువాత ఇంకొక కామా చేర్చి, సరిపోయిందనుకున్నాను. సరిపోలేదు. “అవర్ లారీ, హౌఎవర్, వెయిటెడ్ టిల్ నైట్” అని ఒకే వాక్యం నడుమ వచ్చినప్పుడు ఆ రెండు కామాలూ సరైనవే కావడం వల్ల, రెండు వాక్యాల మధ్య అవే కామాలు కనిపించినా కన్ను మోసపోతుంది. మనం “అయితే” అని అనువదించుకోవడం వల్ల అది “బట్” వంటి కంజంక్షన్ అనిపిస్తుంది గానీ, అక్కడ అది క్రియావిశేషణం.

తేల్చుకోవడానికి ఆ మాటను పక్కకు జరిపి చూడాలి. “హౌఎవర్” లారీ తరువాతకూ, వాక్యం చివరకూ జరుగుతుంది. “బట్” ఉన్నచోటు నుంచి కదలదు. కదిలే మాట అతుకు వేయదు కాబట్టి, దానికి ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ, తరువాత కామా పెట్టాలి. “దేర్‌ఫోర్”, “మోర్‌ఓవర్”, “అదర్‌వైజ్” అన్నవీ ఈ జాతివే. “దెన్” కూడా అంతే, కాకపోతే దాని తరువాత కామా అక్కరలేదు.

“ఇట్ ఈజ్ హాట్, ఇజంట్ ఇట్?” వంటి ప్రశ్నలలోనూ, “ఐ కేమ్, ఐ సా, ఐ కాంకర్డ్” వంటి పొట్టి వరుసలలోనూ కామాను కదిలించవద్దు.