బీరు పులియబెట్టే డబ్బా పొంగుతోందా? నురగ ఎందుకొస్తుంది, ఏం చేయాలి

రాత్రి పదకొండింటికి మా అత్తగారు హాల్లోంచి పిలిచారు. “బాబూ, ఆ బట్టల గదిలోంచి సన్నగా ఈల వినిపిస్తోంది. ఏదైనా పొయ్యి మీద పెట్టి మర్చిపోయారా?” పొయ్యి మీద ఏమీ లేదు. ఆ గదిలో ఉన్నది ఈస్ట్ వేసి ముప్పై గంటలైన గోధుమ బీరు. నేను వెళ్ళి తలుపు తీసేలోపే టప్‌మని శబ్దం. ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని, నీళ్ళు పోసిన చిన్న బిరడా) సీలింగ్‌కి తగిలి కింద పడి ఉంది. పైన అరచేయంత మరక. హ్యాంగర్‌కి వేలాడుతున్న నా పెళ్ళి షేర్వాణీ భుజం మీద నుంచి గోధుమరంగు నురగ నెమ్మదిగా జారుతోంది.

మేముండేది డాలస్ దగ్గర. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో ఫెడరల్ చట్టం దారి తెరిచింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల వరకూ పన్ను లేకుండా చేసుకోవచ్చు, అమ్మకూడదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం ఎక్సైజ్ నేరం. కాబట్టి ఇది అనుమతి ఉన్న చోట కాచుకునేవాళ్ళ కోసం రాస్తున్నది.

ముందుగా ఒక విషయం. నురగ రావడం జబ్బు కాదు. ఇడ్లీ పిండి పొంగినట్టే, కల్లు లొట్టి మూతి దగ్గర తెల్లగా నురగ కట్టినట్టే ఇదీ. ఈస్ట్ చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ బుడగలకు మాల్ట్‌లోని (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) ప్రోటీన్లు, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) జిగురు పట్టుకుని పైన మీగడలా పేరుకుంటాయి. జర్మన్ మాట తీసుకుని దీన్ని క్రౌసెన్ అంటారు. అసలు ప్రమాదం దారి మూసుకుపోవడంలో ఉంది. 5 గ్యాలన్ల, అంటే 19 లీటర్ల మామూలు బీరు 5 శాతం ఆల్కహాల్‌కి చేరేసరికి 350 నుంచి 400 లీటర్ల గ్యాస్ పుడుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే. అంత గ్యాస్ పెన్సిలంత రంధ్రంలోంచి బయటికి పోవాలి. ఆ రంధ్రంలో ఒక హాప్ తుంపు అడ్డం పడితే చాలు, కథ సీలింగ్‌కెక్కుతుంది.

ఎయిర్‌లాక్‌లో నీళ్ళు గోధుమరంగులోకి మారాయి

ఇది మొదటి హెచ్చరిక. నురగ మూత దాకా వచ్చేసింది, ఇంకా పొంగుతుంది. చాలామంది ఇక్కడ చేసే తప్పు, ఎయిర్‌లాక్ తీసి కడిగి మళ్ళీ అదే పెట్టడం. రెండు గంటల్లో మళ్ళీ అదే పరిస్థితి. నేనూ మొదటి రెండుసార్లు అలాగే కడిగాను, రాత్రంతా అలారం పెట్టుకుని మరీ.

ఆ రోజుకి ఎయిర్‌లాక్‌ని పక్కన పెట్టేసి నురగనీ గ్యాస్‌నీ బయటికి పంపే బ్లో-ఆఫ్ గొట్టం తగిలించండి. సన్నటి మెడ ఉన్న పెద్ద సీసా, అంటే కార్బాయ్ అయితే ఆ మెడలోనే నేరుగా బిగుసుకునే లావు గొట్టం, అంగుళం పైచిలుకుది, దొరుకుతుంది. ఉన్నవాటిలో అదే మంచిది, ఎందుకంటే ఎంత చెత్త వచ్చినా ఇరుక్కోదు. బకెట్ అయితే మూత రంధ్రం చిన్నది. అప్పుడు మూడు ముక్కల ఎయిర్‌లాక్ పైమూత, లోపలి చిన్న గిన్నె తీసేసి, మధ్యలో నిలబడి ఉండే పుల్లలాంటి గొట్టానికి అర అంగుళం ట్యూబ్ తొడగండి. ఎయిర్‌లాక్ అడుగున చూస్తే ప్లస్ గుర్తులా రెండు సన్నటి అడ్డుపుల్లలుంటాయి. వాటిని కత్తితో కోసి పారేయండి. హాప్ తుంపులు మొదట చిక్కుకునేది వాటికే.

రెండో కొస ఒక జగ్గులో వేయండి. అందులో శానిటైజర్ నీళ్ళు. స్టార్ సాన్ (బీరు సామాన్లకి వాడే శానిటైజర్) అయితే 5 గ్యాలన్ల నీటికి ఒక ఔన్సు లెక్క, అంటే లీటరుకి ఒకటిన్నర మిల్లీలీటరు. గొట్టం కొస నీళ్ళలో ఒక అంగుళం మునిగితే చాలు. జగ్గుకి గట్టి మూత పెట్టకండి, పెడితే మళ్ళీ మొదటికొచ్చినట్టే. జగ్గు ఎప్పుడూ ఫెర్మెంటర్ (బీరు పులిసే డబ్బా) కంటే కిందనే ఉండాలి. ఎందుకో చివర్లో చెప్తాను.

మూత ఉబ్బింది, లేదా ఈల వేస్తోంది

మా అత్తగారికి వినిపించిన ఈల ఇదే. దారి పూర్తిగా మూసుకోలేదు, సందులోంచి గ్యాస్ దూసుకొస్తోంది. బుడగల శబ్దం హఠాత్తుగా ఆగిపోయి మూత డప్పులా బిగిసి ఉందంటే ఇంకా ప్రమాదం. అప్పుడు నిమిషం కూడా ఆగకూడదు.

మొహం పక్కకి తిప్పుకోండి. పెద్ద తువ్వాలు తడిపి మూత మీద పూర్తిగా కప్పండి. తువ్వాలు కిందనుంచి బకెట్ మూత అంచు ఒకవైపు కొద్దిగా లేపండి. స్స్‌మని గ్యాస్ పోతుంది, నురగ కొంత బయటికి వస్తుంది, రానివ్వండి. ఒత్తిడి పోయాకే ఎయిర్‌లాక్ తీయండి. కంగారులో ముందే ఎయిర్‌లాక్ పీకితే నురగ ఫౌంటెన్‌లా నేరుగా కళ్ళలోకి కొడుతుంది.

గాజు కార్బాయ్ అయితే రబ్బరు బిరడాని తువ్వాలుతో పట్టుకుని మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. గాజు పగిలిందంటే ఇరవై లీటర్ల ద్రవం, కత్తుల్లాంటి పెంకులు ఒకేసారి కాళ్ళ మీద పడతాయి. నన్నడిగితే ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి గాజు అవసరమే లేదు. ప్లాస్టిక్ బకెట్ మూత ఎగిరితే గోడ తుడుచుకుంటాం, అంతే.

మూత ఎగిరిపోయింది, బీరు పాడైనట్టేనా?

చాలాసార్లు కాదు. నురగ జోరుగా పొంగుతున్న సమయంలో గ్యాస్ నిరంతరం పైకే తోస్తుంటుంది, బయటి గాలి లోపలికి పోయే అవకాశం తక్కువ. నేను తెల్లారేవరకూ చూసుకోని సందర్భం కూడా ఒకటుంది, ఆ బీరు బాగానే కుదిరింది.

ముందు మూత అంచులు, ఫెర్మెంటర్ మెడ చుట్టూ శానిటైజర్ స్ప్రే చేసి శుభ్రమైన గుడ్డతో తుడవండి. లోపల గోడలకి అంటుకున్న నురగని గీకకండి, కలపకండి, లోపల చెంచా పెట్టకండి. చేతిలో గొట్టం లేకపోతే అల్యూమినియం ఫాయిల్‌ని శానిటైజర్‌తో తడిపి వదులుగా కప్పండి. కొన్ని గంటలకి అది చాలు. పొంగు తగ్గాక మాత్రం తప్పకుండా ఎయిర్‌లాక్ పెట్టాలి, అప్పుడు లోపలినుంచి తోసే గ్యాస్ ఉండదు కాబట్టి.

ఒక లీటరో రెండు లీటర్లో పోయి ఉంటాయి. ఆ లోటు నీళ్ళతో పూడ్చకండి.

ప్రతిసారీ పొంగుతోంది

ఒకసారి పొంగితే ఏమో అనుకోవచ్చు. ప్రతిసారీ అయితే మీ పద్ధతిలోనే కారణం ఉంటుంది. నేను ఈ వరసలో చూస్తాను.

మొదటిది ఖాళీ. 19 లీటర్ల వోర్ట్‌కి (ఇంకా పులియని తీపి మాల్ట్ కషాయానికి) 6.5 గ్యాలన్ల, అంటే సుమారు 24.6 లీటర్ల డబ్బా సరిపోతుందంటారు. పేల్ ఏల్ లాంటి మామూలు బీరుకి సరిపోతుంది. జర్మన్ గోధుమ బీరు ఈస్ట్‌కి సరిపోదు. వైఈస్ట్ కంపెనీ 3068 లాంటి రకానికి మూడో వంతు ఖాళీ ఉండాలన్నది బాగా తెలిసిన లెక్క. నా షేర్వాణీ మీద పడింది ఆ రకమే. ఆ బీరు చేస్తే 19 బదులు 16 లీటర్లే పోయండి. ఆశపడి మరో రెండు సీసాల కోసం అంచు దాకా నింపితే ఆ రెండూ నేలపాలే.

రెండోది వేడి. మామూలు ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ హాయి. గది 22 ఉంటే పర్లేదులే అనుకుంటాం. కానీ పులిసేటప్పుడు వోర్ట్ తనంతట తనే వేడెక్కుతుంది, గది కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. అంటే లోపల 26. ఆ వేడికి పొంగు జోరందుకుంటుంది, పైగా బీరులో ఘాటైన ఆల్కహాల్ వాసన, పండు వాసన మిగిలిపోతాయి. టెక్సస్ వేసవిలో గ్యారేజీ సంగతి చెప్పనే అక్కర్లేదు. మేము స్నానాల తొట్టిలో కొన్ని నీళ్ళు పోసి, అందులో ఫెర్మెంటర్ నిలబెట్టి, పాత టీషర్టు తొడిగి, దాని అంచు నీళ్ళలో పడేలా వదులుతాం. పక్కన చిన్న ఫ్యాను. నీళ్ళ కూజాకి తడిగుడ్డ చుట్టినట్టే. గడ్డకట్టిన నీళ్ళ బాటిల్ పొద్దునొకటి, రాత్రొకటి మారుస్తాం. పొంగినా తొట్టిలోనే పడుతుంది కాబట్టి ఇంట్లో గొడవ ఉండదు. చల్లబరచడం మాత్రం నెమ్మదిగా చేయండి, ఒక్కసారిగా ఆరేడు డిగ్రీలు దించితే ఈస్ట్ పని ఆపి నిద్రపోతుంది.

మూడోది, పాత బీరు అడుగున మిగిలిన ఈస్ట్ ముద్ద మీదే కొత్త వోర్ట్ పోయడం. డబ్బు ఆదా నిజమే. కానీ అక్కడ అవసరానికి చాలా రెట్లు ఈస్ట్ ఉంటుంది, రెండు మూడు గంటల్లోనే పొంగు మొదలవుతుంది. అందులో మూడో వంతు మాత్రమే ఉంచుకుని వాడండి చాలు.

నాలుగోది హాప్స్ చెత్త. గుళికల హాప్స్ మరిగించాక పచ్చటి బురదలా తయారవుతాయి. వోర్ట్‌ని ఫెర్మెంటర్‌లోకి పోసేటప్పుడు జల్లెడ పట్టండి. నురగని ఇది ఆపదు, దారికి అడ్డం పడే సరుకుని తగ్గిస్తుంది.

ఒరిజినల్ గ్రావిటీ (పులియకముందు వోర్ట్ సాంద్రత) 1.080 దాటిన బలమైన బీర్లకి, గోధుమలు, ఓట్స్ ఎక్కువ వేసిన వాటికి నేను ఇవేవీ ఆలోచించను. మొదటి రోజు నుంచే గొట్టం పెట్టేస్తాను.

నురగ తగ్గించే చుక్కలు వాడొచ్చా?

వాడొచ్చు. ఫెర్మ్‌క్యాప్ లాంటివి సిలికోన్ ఎమల్షన్లు. చంటిపిల్లల గ్యాస్ డ్రాప్స్‌లో ఉండే సిమెథికోన్ కూడా ఇదే కుటుంబం. బుడగ గోడని బలహీనపరిచి పగలగొడతాయి. గ్యాలన్‌కి రెండు చుక్కలు, అంటే 19 లీటర్లకి పది చుక్కలు. చివర్లో ఈస్ట్‌తో పాటు అడుక్కి దిగిపోతాయి కాబట్టి గ్లాసులో నురగకి ఇబ్బంది ఉండదు. వాడేముందు సీసా బాగా కుదపండి. మందుల షాపు డ్రాప్స్ అయితే రుచి, రంగు కలపనివి చూసుకోండి. చుక్కలు వేశాం కదా అని గొట్టం మానేయకండి.

నురగ తగ్గాక హాప్స్ వేస్తే మళ్ళీ పొంగింది

బీరు నిండా గ్యాస్ కరిగి ఉంటుంది. గరుకు గుళికలు పడగానే వాటి చుట్టూ బుడగలు కట్టి ఒక్కసారిగా లేస్తాయి, కూల్‌డ్రింకులో ఉప్పు వేసినట్టు. పిడికెడు వేసి, ఐదు నిమిషాలాగి, మళ్ళీ పిడికెడు వేయండి.

వారం దాటినా నురగ అలాగే ఉంది

గోధుమ బీరు ఈస్ట్‌లు కొన్ని ఇలాగే మొండికేస్తాయి. నురగని చూసి నిర్ణయించకండి. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో రెండు మూడు రోజుల తేడాలో రెండుసార్లు చూడండి. రెండూ ఒకటే అంకె అయితే పని అయిపోయినట్టే. మారుతూ ఉంటే సీసాల్లోకి ఎక్కించకండి, లోపల మిగిలిన చక్కెర పులిసి సీసాలు పేలతాయి.

జగ్గులో నీళ్ళు వెనక్కి లాక్కున్నాయి

జగ్గు కింద ఉండాలన్నది దీనికే. చివర్లో బీరుని తేరుకోనిద్దామని ఫ్రిజ్‌లో పెడితే డబ్బా పైభాగంలోని గ్యాస్ ముడుచుకుంటుంది, కొంత చల్లటి బీరులో కరిగిపోతుంది కూడా. లోపల ఖాళీ ఏర్పడి గొట్టం ద్వారా జగ్గులోని నీళ్ళు పైకి లాగబడతాయి. కొన్ని చెంచాలు పోతే ఫర్వాలేదు, అర జగ్గు పోతే రుచి మారుతుంది. చల్లబరిచే ముందు గొట్టం తీసి బిగుతైన బిరడా పెట్టండి, బకెట్‌కైతే శానిటైజర్‌తో తడిపిన ఫాయిల్.

ఎండిపోయిన నురగ వదలడం లేదు

డబ్బా ఖాళీ చేసిన రోజే కడగాలి. పైన గోధుమరంగు పట్టీలా అంటుకున్నది హాప్స్ జిగురు, మామూలు సబ్బుకి లొంగదు. వేడి నీళ్ళలో సోడియం పెర్‌కార్బనేట్ కలిపి అంచు దాకా నింపి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నకి పొరలా ఊడొస్తుంది. ప్లాస్టిక్ డబ్బాని స్టీలు పీచుతో తోమకండి, ఆ గీతల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. గొట్టం లోపల బ్రష్ పట్టదు కాబట్టి దాన్ని కూడా అదే ద్రావణంలో చుట్టచుట్టి ముంచండి, తర్వాత రెండు కొసలూ కిందికి వేలాడేలా తీగ మీద ఆరేయండి. సీలింగ్ మరక మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు, పెయింట్ వేయించాల్సిందే.