కాయిల్ స్ప్రింగులు వేశాక జిప్సీ మొరాయిస్తోందా? స్ప్రింగులు మార్చే ముందు బుష్ బోల్టులు చూడండి

మారుతి జిప్సీకి కమాను కట్టలు (పొరలపొరల లీఫ్ స్ప్రింగులు) తీసేసి కాయిల్ స్ప్రింగులు వేసుకున్నవాళ్ల ఫిర్యాదులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. బండి మరీ గట్టిగా ఉంది, స్టీరింగ్ నిలవడం లేదు, అరవై దాటితే ముందు చక్రాలు ఊగుతున్నాయి. ఆ వెంటనే ఏ స్ప్రింగ్ వేస్తే బాగుంటుందని అడుగుతారు. నా దగ్గరకొచ్చే బళ్లలో చాలావాటికి స్ప్రింగుల్లో ఏ లోపమూ ఉండదు. పానా పట్టుకుని అరగంట బండి కింద పడుకుంటే తేలిపోయే విషయానికి రెండో సెట్టు స్ప్రింగులు, కొత్త షాకబ్జార్బర్లు, పైగా స్టీరింగ్ ఊపును అణిచే డ్యాంపర్ కూడా కొనేసి ఉంటారు.

బండిని స్టాండ్ల మీద భద్రంగా నిలబెట్టడం, బ్రేకుల్లో గాలి తీయడం, బ్రాకెట్లు పని తెలిసిన వెల్డర్ చేత వేయించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. చట్టం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకు హద్దులు పెట్టింది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రోడ్డు మీద తిప్పే బండి అయితే ఆర్సీ, ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకున్నాకే గ్రైండర్ ఆన్ చేయండి.

ముందు అర్థం కావాల్సింది

కమాను కట్ట రెండు పనులు చేస్తుంది. బండి బరువు మోస్తుంది, రెండు చక్రాలనూ కలిపే ఇరుసు గొట్టాన్ని, అంటే హౌసింగ్‌ను, ముందుకీ వెనక్కీ పక్కకీ కదలకుండా పట్టుకుంటుంది. కాయిల్ స్ప్రింగ్ బరువు మాత్రమే మోస్తుంది. హౌసింగ్ ముందువెనకలకు పోకుండా ఛాసిస్ నుంచి నిడివిగా వచ్చే ఆర్మ్‌లు, పక్కకు జరగకుండా అడ్డంగా ఉండే పాన్‌హార్డ్ రాడ్ పట్టుకోవాలి. ఈ ఆర్మ్‌లనూ రాడ్‌నూ బండికి కలిపేవి బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు కీళ్లు), వాటి బోల్టులు. కట్టల బండిలో బోల్టు కాస్త వదులైతే కిర్రుమనేది, అంతే. కాయిల్ బండిలో అదే బోల్టు వదులైతే హౌసింగ్ తనకు తోచిన దారిన పోతుంది.

అరవై దగ్గర స్టీరింగ్ ఊగిపోతోంది

టైర్లలో గాలి, వీల్ బ్యాలెన్సింగ్ చూశారా? చూశామని అందరూ అంటారు. ఇంకోసారి చూడండి.

అది సరిగ్గా ఉంటే బండిని నేల మీదే ఉంచి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమనండి. మీరు కింద పడుకుని పాన్‌హార్డ్ రాడ్ రెండు చివరలూ చూడండి, బోల్టు మీద వేలు పెట్టి ఉంచండి. రాడ్ కదలకముందే బోల్టు బ్రాకెట్‌లో ‘టక్’మని కదిలిందంటే దొంగ దొరికినట్టే. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి స్టీరింగ్ డ్యాంపర్ బిగించుకుని వచ్చేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. డ్యాంపర్ ఊపును కప్పిపెడుతుంది తప్ప తీసేయదు, ఈలోగా బ్రాకెట్‌లో బెజ్జం ఇంకా పెద్దదవుతుంది.

బెజ్జం అప్పటికే కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే బోల్టు ఎంత బిగించినా నిలవదు. బ్రాకెట్ మీద సరైన బెజ్జమున్న మందపాటి ప్లేటు వెల్డ్ చేయించాలి. బోల్టు కూడా చూసి కొనాలి. తలదాకా మర ఉన్న బోల్టు వేస్తే ఆ మర పళ్లు ఆకురాయిలా బ్రాకెట్‌ను తినేస్తాయి. మర లేని నున్నటి భాగం బ్రాకెట్ రెండు గోడల మీదా ఆనేంత పొడవుండాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సరైన గ్రేడ్ బోల్టు అడిగితే ఇస్తారు. అడగకపోతే చేతికి అందింది ఇస్తారు.

పాన్‌హార్డ్ గట్టిగానే ఉంటే టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ చివరి కీళ్లు), ఆ తర్వాత కింగ్ పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసువి) చూడండి. పాత జిప్సీలో కింగ్ పిన్ బేరింగులు అరిగి ఉండటం మామూలే. కట్టలున్నప్పుడు అణిగి ఉన్న ఆ వదులు ఇప్పుడు బయటపడుతుంది.

బండి గట్టిగా ఉంది, ఎత్తుగా ఉంది, ఒక పక్కకు ఒరిగింది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. నన్ను కూడా బాగా తిప్పించింది, ఎందుకంటే ఇది చూడ్డానికి అచ్చం స్ప్రింగ్ సమస్యలాగే ఉంటుంది.

లక్షణాలు ఇలా ఉంటాయి. చిన్న గుంతకే బండి ఎగిరిపడుతుంది. అనుకున్న ఎత్తు కంటే ఒకట్రెండు సెంటీమీటర్లు పైనే నిలబడుతుంది. ఒక్కోసారి ఎడమకీ కుడికీ ఎత్తు తేడా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కించినప్పుడు కింద నుంచి మూలుగులాంటి శబ్దం వస్తుంది. కొన్ని నెలలకు ఆ బిగువు దానంతటదే తగ్గుతుంది, స్ప్రింగులు సెట్ అయ్యాయని యజమాని సంతోషిస్తాడు. నిజానికి అప్పుడు బుష్ చిరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత వచ్చేది పైన చెప్పిన ఊపు.

ఇంతకీ కారణం ఏమిటంటే, బండి స్టాండ్ల మీద ఉండి హౌసింగ్ గాల్లో వేలాడుతున్నప్పుడే బుష్ బోల్టులన్నీ పూర్తిగా బిగించేయడం. ఇంట్లో పని చేసేవాళ్లకు అదే సుఖం. కింద చోటు ఉంటుంది, చెయ్యి దూరుతుంది, పానా తిరుగుతుంది. అందుకే అందరూ అలాగే చేస్తారు.

కంపెనీ తరహా రబ్బరు బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒకటి, మధ్యలో వాటికి అంటుకుపోయిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ గోడల మధ్య ఇరుక్కుపోతుంది. ఇక అది తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా తడిగుడ్డ పిండినట్టు మధ్యలో రబ్బరే మెలి తిరగాలి. బిగించినప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉందో అదే రబ్బరుకు విశ్రాంతి స్థానం.

లెక్క వేసి చూడండి. ఆర్మ్ పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం. వేలాడుతున్న హౌసింగ్, బండి నేల మీద నిలబడ్డప్పటి కంటే 12 సెంటీమీటర్లు కిందకు ఉందనుకుందాం. అక్కడ బిగించి బండిని నేలకు దించగానే ఛాసిస్ దగ్గరి బుష్ 11 డిగ్రీలకు పైగా మెలి తిరుగుతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలి అలాగే ఉంటుంది. గుంతలో పడి స్ప్రింగ్ ఇంకా అణిగితే మెలి ఇంకా పెరుగుతుంది. మెలి తిరిగిన రబ్బరు తనూ ఒక స్ప్రింగే కాబట్టి బండిని పైకి తోస్తూ ఉంటుంది. అలాంటివి నాలుగు ఆర్మ్‌లకూ, రెండు పాన్‌హార్డ్ రాడ్లకూ, షాకబ్జార్బర్ల కింది కళ్లకూ ఉన్నాయి. అన్నీ కలిసి తోస్తే మీరు పాపం స్ప్రింగ్‌ను తిడతారు.

ఈ అనుమానం స్ప్రింగ్ మీదకు పోవడానికి ఇంకో కారణమూ ఉంది. చాలామంది జిమ్నీ స్ప్రింగులు వేస్తారు. జిప్సీ బరువు సుమారు టన్ను, మన దగ్గర 2023లో వచ్చిన జిమ్నీ సుమారు 1,200 కిలోలు. కాబట్టి ఆ స్ప్రింగుల మీద జిప్సీ కొంచెం ఎత్తుగా, కొంచెం గట్టిగా ఉండటం సహజమే. అందువల్లే బుష్ మెలిని విడిగా తేల్చుకోకుండా స్ప్రింగ్ గురించి తీర్పు చెప్పకూడదు.

తేల్చుకోవడం తేలిక. బండిని చదునైన నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబెట్టి చక్రాలకు అడ్డు పెట్టండి. స్టెప్నీ, జాక్, రూఫ్ క్యారియర్, ఎప్పుడూ ఉండే సామాను అన్నీ బండిలోనే ఉండాలి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. ఇప్పుడు ఆర్మ్‌ల రెండు చివరలవీ, పాన్‌హార్డ్ రాడ్లవీ, షాకబ్జార్బర్ల కిందివీ నట్లు వదులు చేయండి. ఊడదీయవద్దు, బోల్టు లాగవద్దు, రెండు మూడు చుట్లు చాలు. ఒక్కోచోట ‘ఠప్’మని శబ్దం వస్తుంది. మెలిలో ఉన్న గొట్టం విడుదలైన శబ్దం అది. కింద నుంచి బయటికొచ్చి బంపర్ మీద నిలబడి రెండు మూడుసార్లు బండిని ఊపి, మళ్లీ కొలవండి. ఎత్తు తగ్గిందా, ఎడమ కుడి తేడా పోయిందా? అయితే కొత్త స్ప్రింగుల డబ్బు మిగిలింది.

ఇక బండి బరువు చక్రాల మీద ఉండగానే అన్నీ బిగించండి. కింద చెయ్యి దూరకపోతే బండిని ర్యాంపులు ఎక్కించండి, లేదా స్టాండ్లను ఛాసిస్ కింద కాకుండా నాలుగు వైపులా హౌసింగ్‌ల కింద పెట్టండి. స్ప్రింగ్ మీద పూర్తి బరువు పడి ఉండటమే ముఖ్యం. టార్క్ రెంచ్‌తో, ఆ భాగాలు ఏ బండివో ఆ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించండి. ప్రతి నట్టు మీదా పెయింటు గీత పెడితే తర్వాత కదిలిందీ లేనిదీ చూడగానే తెలుస్తుంది. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త కూర్చుంటాయి. అప్పుడు ఈ వదులు చేసి బిగించే పని మళ్లీ ఒకసారి చేయాలి. చేయమంటే తలూపుతారు, చేసేవాళ్లు తక్కువ.

బుష్ అప్పటికే చెడిందో లేదో టార్చ్ వేసి చూడండి. అంచు దగ్గర నెలవంకలాంటి చీలిక ఉన్నా, రబ్బరు గొట్టం నుంచి విడిపోయినా మార్చాల్సిందే. పాలీయురేథేన్ (పాలీ) బుష్‌లకు ఈ బెడద లేదు, వాటిలో గొట్టం గ్రీజు మీద జారుతుంది. అలాగని ముందు ఆర్మ్‌లకు అన్నీ పాలీ వేస్తే, హౌసింగ్ ఒక పక్క లేచి ఒక పక్క దిగినప్పుడు అవి మెత్తగా లొంగవు, భారం బ్రాకెట్ల మీద పడుతుంది. నేనైతే రబ్బరే వేస్తాను.

స్టీరింగ్ తిప్పాక తిరిగి రావడం లేదు, బండి రోడ్డంతా తిరుగుతోంది

దీనికి కారణం క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, తగ్గడం. ఆర్మ్‌లు హౌసింగ్‌ను గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి బండి లేస్తే హౌసింగ్ తిరుగుతుంది. 60 సెంటీమీటర్ల ఆర్మ్‌తో 5 సెంటీమీటర్లు లేపితే దాదాపు 5 డిగ్రీల క్యాస్టర్ పోతుంది. స్టీరింగ్ బాక్స్ స్క్రూ బిగిస్తే లాభం లేదు, బాక్స్ పాడవుతుంది. బెజ్జం మధ్యలో కాకుండా పక్కకు ఉండే ఆఫ్‌సెట్ బుష్‌లు వేయండి, లేదా ఛాసిస్ వైపు ఆర్మ్ బ్రాకెట్‌ను కిందకు దించండి. హౌసింగ్‌ను మరీ ఎక్కువ తిప్పితే ముందు చక్రాలకు శక్తినిచ్చే జాయింట్ షాఫ్ట్ కోణం చెడి ఫోర్ వీల్‌లో అదురు మొదలవుతుంది, రెండింటికీ మధ్యలో ఆపాలి.

స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే బండి పక్కకు లాగుతోంది

బండికి ఎదురుగా నిలబడి చూడండి. పాన్‌హార్డ్ రాడ్, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) సమాంతరంగా ఉండాలి, పొడవూ ఇంచుమించు సమానంగా ఉండాలి. పాన్‌హార్డ్ ఛాసిస్ చివర స్టీరింగ్ బాక్స్ వైపే, అంటే మన బళ్లలో కుడివైపే ఉండాలి. చోటు దొరికిందని ఎడమవైపు వెల్డ్ చేసి ఉంటే సర్దుబాట్లతో కుదరదు, కోసి మార్చండి.

మిగతావి

వెనక అదురు ఉంటే వెనక జాయింట్ షాఫ్ట్ రెండు క్రాస్‌ల (చివరి కీళ్ల) దగ్గర కోణాలు సమానంగా ఉన్నాయో లేదో కొలవండి. అవి బాగుంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ పెట్టె) రబ్బరు మౌంటింగులు చూడండి. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగ్ సీటు నుంచి జారుతుంటే షాకబ్జార్బర్ పొడవెక్కువైంది, పొట్టిది వేయండి. అలా వేలాడదీసినప్పుడే బ్రేక్ హోస్ బిగుసుకుంటోందేమో చూడాలి. బిగుసుకుంటే పొడవాటిది వేసేదాకా బండి బయటకు తీయొద్దు. విరిగిన స్ప్రింగ్, వంగిన హౌసింగ్, మెలిపడిన ఛాసిస్ గురించి నన్ను చాలామంది అడుగుతారు. అవి నూటికి ఒక బండిలో కూడా ఉండవు, పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు.