పెన్ ట్యాబ్లెట్ మీద గీస్తుంటే చెయ్యి నొప్పా? పెన్ను మార్చేముందు ఇవి చూడండి

అనంతపురం, కర్నూలులో పెళ్లి ఆల్బంలు డిజైన్ చేసేవాళ్లు, ఫ్లెక్స్ షాపుల్లో ఫొటోలు కట్ చేసేవాళ్లు, ఇంట్లో కూర్చుని బొమ్మలు నేర్చుకునే పిల్లలు అందరూ నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, పెద్ద ట్యాబ్లెట్ కొంటే నొప్పి పోతుందా?" పోదు. కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే ఈ పలక చిన్నదైనా చాలు, పెట్టుకునే తీరు సరిగ్గా ఉంటే.

సమస్య: భుజం, మెడ పక్కన పట్టేస్తోంది

కారణం టేబుల్ ఎత్తు. మన ఇళ్లలో టేబుళ్లు చాలావరకు 30 అంగుళాలుంటాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మోచేయి టేబుల్ కంటే కిందే ఉంటుంది. ట్యాబ్లెట్ మీదికి చెయ్యి తేవాలంటే భుజం ఎత్తి పట్టుకోవాలి. గంటలకొద్దీ అలా పట్టుకుంటే భుజం పట్టేయక ఏం చేస్తుంది? భుజాలు వదులుగా వదిలేసి మోచేయి మడవండి. ముంజేయి ఏ ఎత్తులో ఆగిందో ట్యాబ్లెట్ ఆ ఎత్తులో గానీ, కాస్త కింద గానీ ఉండాలి. టేబుల్ కాళ్లు కోయలేం కాబట్టి కుర్చీ మీద గట్టి దిండు వేయండి, పాదాల కింద పీట పెట్టండి. పీట మర్చిపోతే కాళ్లు వేలాడి నడుము నొప్పి మొదలవుతుంది.

సమస్య: నొప్పి ఒకవైపే, పైగా గీత ఏటవాలుగా పోతోంది

ఎవరూ చూడనిది ఇదే. కీబోర్డు మధ్యలో, ట్యాబ్లెట్ ఎక్కడో కుడి మూలన ఉంటుంది. చెయ్యి పక్కకు చాచి, నడుము తిప్పి గీస్తుంటారు. స్క్రీన్ మధ్యభాగం, ట్యాబ్లెట్ మధ్యభాగం, మీ బొడ్డు ఒకే గీతలో ఉండాలి. కీబోర్డును ఎడమకు జరపండి, ఎలాగూ షార్ట్‌కట్‌లకు ఎడమ చెయ్యి చాలు. ల్యాప్‌టాప్ అయితే స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా కింద ఏదైనా పెట్టి లేపండి, కీబోర్డు విడిగా తగిలించండి.

కడప బండ అరనే టేబుల్‌గా వాడేవాళ్లకు ముంజేతికి అంచు ఒరుసుకుని చిటికెన వేలి దాకా తిమ్మిరి వస్తుంది. అంచు మీద టవల్ మడిచి వేస్తే సరి.

సమస్య: బొటనవేలు, మణికట్టు లాగేస్తున్నాయి, గీత వణుకుతోంది

నన్ను బాగా తిప్పించింది ఇదే. గీత వణికితే ఎవరైనా తమ చేతిదే తప్పనుకుంటారు. పెన్ను ఇంకా గట్టిగా పట్టుకుంటారు, ఇంకా గట్టిగా నొక్కుతారు. నాలుగు రోజులకు బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంటుంది. మణికట్టు పట్టీ, కొత్త నిబ్బులు, చివరికి కొత్త ట్యాబ్లెట్ దాకా వెళ్తారు. వణుకు మాత్రం పోదు, ఎందుకంటే చాలాసార్లు అది కరెంటు నుంచి వస్తోంది.

పరీక్ష సులభం. ఫొటోలో పెళ్లికూతురి చెవి కమ్మ అంచు దగ్గర బాగా జూమ్ చేయండి. చెయ్యి ట్యాబ్లెట్ మీద ఆనించి, పెన్ను మొనను తాకీ తాకనట్టు కదలకుండా పట్టుకోండి. కర్సర్ అక్కడక్కడే దడదడలాడుతుంటే, ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ పీకేయండి. వెంటనే కర్సర్ నిలబడిందంటే మీ చెయ్యి బాగానే ఉంది, చాలావరకు ఎర్తింగే బాలేదు. ఛార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ లోహపు ఒంటిని తాకితే సన్నగా జివ్వుమంటోందా? అది ఇంకో ఆనవాలు.

ఎందుకిలా? బ్యాటరీ లేని పెన్నుల నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. ట్యాబ్లెట్ లోపలి తీగచుట్టలు దాన్నే పట్టుకుని పెన్ను ఎక్కడుందో లెక్కకడతాయి. ఛార్జర్‌లో పుట్టే కరెంటు రొద ఎర్త్‌లోకి పోవాలి. దారి లేకపోతే యూఎస్‌బీ వైరు గుండా ట్యాబ్లెట్‌లోకి వస్తుంది.

మన వైపు ఇది ఎండాకాలంలో ముదురుతుంది. ఇంటి ఎర్త్ వైరును పాతిన గుంతలో మట్టి తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుంది. అనంతపురం వర్షపాతమే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే కల్లా గుంత ఎండిపోతుంది. పెళ్లి ఆల్బంల పని ముమ్మరంగా ఉండేదీ అప్పుడే.

ముందు త్రీ పిన్ ఛార్జర్‌ను టూ పిన్‌గా మార్చే అడాప్టర్ తీసేయండి, అది ఎర్త్‌ను పూర్తిగా తెంపేస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వదిలేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. అద్దె ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నా వెనక పచ్చ ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఫేజ్‌కూ (కరెంటు వచ్చే వైరు) ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూస్తాడు. మసకగా వెలిగినా, అసలు వెలగకపోయినా ఎర్త్ లేనట్టే. ఈ పరీక్ష మీరు చేయకండి. ఎవరైనా న్యూట్రల్‌నే (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్త్‌కు కలిపేద్దామంటే అస్సలు ఒప్పుకోవద్దు, న్యూట్రల్ తెగిన రోజు ల్యాప్‌టాప్ ఒంటికే ఫేజ్ వస్తుంది. గుంత ఎండిపోయి ఉంటే ఎండాకాలమంతా నీళ్లు పోస్తుండండి. ఉప్పు, బొగ్గు అయిపోయి ఉంటే మళ్లీ వేయించండి. ఇది ట్యాబ్లెట్ కోసమే కాదు, ఇంట్లో గీజరు, ఫ్రిజ్ తాకే అందరి ప్రాణం కోసం కూడా. అప్పటిదాకా సన్నటి గీతల పని బ్యాటరీ మీద చేసుకోండి.

ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వణికితే అది స్క్వేర్ వేవ్ రకమేమో (కరెంటును నున్నగా కాక మెట్లుమెట్లుగా ఇచ్చేది) చూడండి. ఇనుప టేబుల్ మీద పెట్టి ఉంటే కింద ప్లైవుడ్ పలక వేయండి. పక్కనే ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను దూరంగా జరపండి.

ఇక మిగతావి అరుదు. వృత్తం కోడిగుడ్డులా వస్తే డ్రైవర్ (ట్యాబ్లెట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లో ట్యాబ్లెట్ కొలతలను స్క్రీన్ నిష్పత్తికి కలపండి. చెమటకు చెయ్యి అతుక్కుంటే రెండు వేళ్ల గ్లౌజు వేసుకోండి. ఇంతకుముందు వాడిన ట్యాబ్లెట్ కంపెనీ డ్రైవర్ ఉండగానే కొత్తది ఎక్కించి ఉంటే రెండూ తీసేసి, ఒక్కటే మళ్లీ ఎక్కించండి.