గండికోట రాతి మీద టెంట్ నిలబడాలంటే ఏం చేయాలి?

డిసెంబరు, జనవరి నెలల్లో ఏ శనివారం గండికోటకు వెళ్లినా సాయంత్రం ఆరింటికి ఇదే కనబడుతుంది. ఒకాయన టెంట్ మేకును రాతి నెర్రెలో పెట్టి ఇంకో రాయితో కొడుతుంటాడు. మేకు వంగిపోతుంది. ఆయన భార్య ఫోన్ లైటు పట్టుకుని నిలబడి ఉంటుంది. పిల్లలు ఆకలికి సతాయిస్తుంటారు. టెంట్ గుడ్డ గాలికి పటపటా కొట్టుకుంటుంది. ఏడింటికల్లా సామానంతా కార్లో కుక్కుకుని జమ్మలమడుగులో లాడ్జి వెతుక్కుంటూ వెళ్లిపోతారు. ఇంత దూరం వచ్చి, ఒక్క పని తెలియక రాత్రంతా పోగొట్టుకున్నారే అని నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మాది ప్రొద్దుటూరు. పదకొండేళ్లుగా చలికాలంలో రెండు మూడుసార్లయినా మా అమ్మను, నా భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని అక్కడ రాత్రి ఉండి వస్తున్నాను. మిగతా పనులన్నీ ఎవరైనా చేసేస్తారు. అందరూ చెడగొట్టుకునేది టెంట్ వేయడం దగ్గరే. కాబట్టి మిగతావి గబగబా చెప్పేసి అక్కడికి వస్తాను.

ఎప్పుడు, ఎక్కడ

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. మార్చి దాటితే రాయి రాత్రి పది దాకా పెనంలా కాలుతూనే ఉంటుంది. పౌర్ణమికి రెండు మూడు రోజుల ముందు వెళ్లడం మంచిది. అప్పుడు పొద్దు గుంకేసరికే చంద్రుడు పైకొచ్చి ఉంటాడు, వంట వెన్నెల్లో అయిపోతుంది. పౌర్ణమి దాటాక వెళితే చంద్రుడు ఆలస్యంగా వస్తాడు.

మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చుట్టుపక్కల టెంట్ వేయకూడదు. టూరిజం వాళ్ల హరిత హోటల్ దగ్గర గానీ, ఊళ్లో స్థలం అద్దెకిచ్చేవాళ్ల దగ్గర గానీ ముందే మాట్లాడుకోండి. బాత్రూం ఉందా అని మొదట అడగండి. పెద్దవాళ్లు, ఆడపిల్లలు వెంట ఉన్నప్పుడు అది లేని చోటు ఎంత అందంగా ఉన్నా వద్దనే చెప్పండి.

సామాను

నలుగురికి రెండు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు కావాలి. తలకు కట్టుకునే లైటు ఒక్కొక్కరికి ఒకటి, చిన్న గ్యాస్ స్టవ్, దానికి గాలి తగలకుండా అడ్డుపెట్టే రేకు, టార్పాలిన్ పట్ట, ఇరవై మీటర్ల నైలాన్ తాడు, మందుల డబ్బా సర్దుకోండి. టెంట్ నలుగురిదని రాసి ఉంటే ముగ్గురికే సరిపోతుందని లెక్కేసుకుని కొనండి. విసిరితే దానంతటదే తెరుచుకునే టెంట్లు గండికోటకు పనికిరావు. వాటికి తాళ్లు కట్టే ఉంగరాలు సరిగా ఉండవు, గాలికి గొడుగులా తిరగబడతాయి.

పడకకు స్లీపింగ్ బ్యాగులు వద్దు. కింద పాత చీరలతో కుట్టిన బొంత, పైన గొర్రె బొచ్చు కంబళి, అంతే. రాయి ఒంట్లోని వేడిని కిందికి లాగేసుకుంటుంది. పైన ఎన్ని కప్పుకున్నా కింద బొంత లేకపోతే తెల్లవారుజామున వణుకు తప్పదు. గాలి నింపే పరుపైతే లోపలి గాలి కూడా చల్లబడిపోతుంది. కంబళి మంచుకు కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. అనంతపురం వైపు గొర్రెల కాపరులు రాత్రుళ్లు మందల దగ్గర దాన్ని కప్పుకునే పడుకుంటూ వచ్చారు. అంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, పెరుగన్నం, నిప్పట్లు రాత్రికి చాలు. పొద్దున ఉగ్గాణికి బొరుగులు, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు ఉంటే పది నిమిషాల పని. గాలిలో బిర్యానీ వండాలని కూర్చుంటే గ్యాస్ అయిపోతుంది గానీ బియ్యం ఉడకదు.

ఇక అసలు పని

గండికోట కింద ఉన్నది మట్టి కాదు. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయి మూడు వందల అడుగుల దాకా లోతున లోయ చేసింది కదా, ఆ అంచుల్లో పరుపులు పరుపులుగా పేర్చినట్టు కనబడే రాయే పైనా ఉంటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. సుత్తితో కొడితే నిప్పురవ్వలు రాలే రాయి అది. టెంట్‌తో పాటు ఇచ్చే పుల్లల్లాంటి మేకులు అందులో దిగవు. నెర్రెలో ఇరికిస్తే దిగినట్టే ఉంటుంది, గాలి రెండుసార్లు ఊపగానే ఊడి వస్తుంది. మేకుల సంచిని కార్లోనే వదిలేయండి. ఇక్కడ టెంట్‌ను నిలబెట్టేవి రాళ్లు, తాళ్లు మాత్రమే.

సాయంత్రం నాలుగింటికి పని మొదలుపెట్టండి. సూర్యాస్తమయం ఫోటోలు తీసుకుని ఆ తర్వాత వేద్దామనుకున్నారంటే ఆ రాత్రి పోయినట్టే.

లోయ అంచు నుంచి రెండు వందల అడుగులు లెక్కపెట్టి వెనక్కి రండి. అంచు వెంబడి చాలాచోట్ల కంచె గానీ గోడ గానీ ఉండదు. నిద్రమత్తులో ఒంటికి లేచిన పిల్లవాడు ఎటు నడుస్తాడో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఒక నియమం ఉంది. టెంట్ తలుపు లోయ వైపు ఉండకూడదు. గాలి వైపు కూడా ఉండకూడదు. రెండూ కుదరకపోతే చోటు మారుస్తాం.

గాలి ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి తువ్వాలు ఒక మూల పట్టుకుని పది నిమిషాలు నిలబడండి. ఒక్క క్షణం చూసి తేల్చేయొద్దు. లోయ దగ్గర గాలి సుడి తిరుగుతుంది. ఎక్కువసేపు ఎటు నుంచి వీస్తే అటు టెంట్ ఇరుకు వైపు, పొట్టి వైపు పెట్టండి. వెడల్పు వైపు పెడితే అది తెరచాపే.

పట్ట పరిచేటప్పుడు అది టెంట్ అడుగు కంటే నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. బయటికి వస్తే మంచు, వాన ఏది పడినా పట్ట మీదుగా పారి మీ బొంత కిందికే చేరుతుంది.

ఇక్కడి నుంచి తొందరపడకండి. కడ్డీలు దూర్చకముందే టెంట్‌ను నేల మీద పరిచి, లోపల గాలి వచ్చే వైపు రెండు మూలల్లో నీళ్ల క్యాన్లు పెట్టండి. ఒక్కోటి ఇరవై కిలోలు. మిగతా రెండు మూలల్లో బట్టల బ్యాగులు పెట్టండి. అందరూ చేసే తప్పు ఇక్కడే. ముందు టెంట్ నిలబెట్టి ఆ తర్వాత బరువు పెడదామనుకుంటారు. కడ్డీలు వంగి గుడ్డ లేవగానే లోపలికి గాలి దూరుతుంది, నలుగురు పట్టుకున్నా ఆగదు. లోయ వైపు దొర్లుతున్న టెంట్ వెంట పరుగెత్తినవాళ్లను నేను చూశాను. దయచేసి అలా పరుగెత్తకండి. టెంట్ పోతే పోనీ.

తర్వాత రాళ్లు ఏరండి. చేత్తో నేరుగా ఎత్తొద్దు. కర్రతోనో బూటుకాలితోనో పక్కకు దొర్లించి, కింద తేలు లేదని చూసుకుని అప్పుడు ఎత్తండి. కోట గోడల నుంచి, పడిపోయిన కట్టడాల నుంచి ఒక్క రాయి కూడా ముట్టుకోకూడదు. అది నేరం. బయట కావలసినన్ని ఉన్నాయి.

ఒక్కో తాడుకు రెండు రాళ్లు కావాలి. ఒకటి కొబ్బరికాయంత, ఇంకొకటి రెండు చేతులతో కష్టపడి ఎత్తేటంత. తాడు కొసను చిన్న రాయి నడుముకు రెండు చుట్లు చుట్టి ముడి వేయండి. టెంట్ నుంచి తాడును లాగి చిన్న రాయిని నేల మీద పెట్టండి. ఇప్పుడు పెద్ద రాయిని ఆ చిన్న రాయికి ముందు, అంటే టెంట్ వైపు, తాడు మీదే ఉంచండి. గాలి లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి అడ్డంగా తగులుకుంటుంది. ఎంత లాగితే అంత గట్టిగా బిగుస్తుంది. చాలామంది తాడు మీద ఒక బండ పెట్టి వదిలేస్తారు. తాడు దాని కింద నుంచి మెల్లగా జారి, అర్ధరాత్రికి వదులైపోతుంది. వెనక ఆ చిన్న రాయి ఉండడంలోనే కిటుకంతా ఉంది.

రాయి టెంట్‌కు ఎంత దూరంలో ఉండాలి? తాడు కట్టిన ఉంగరం నేలకు ఎంత ఎత్తులో ఉందో కనీసం అంత దూరంలో ఉండాలి. దగ్గరగా పెడితే తాడు రాయిని పైకి లేపుతుంది. దూరంగా పెడితే నేల మీద లాగుతుంది, అదే మనకు కావాలి. తాడు పెద్ద రాయి అంచును తాకేచోట పాత గుడ్డ ముక్క మడిచి పెట్టండి. ఈ రాయి అంచు కత్తిలా ఉంటుంది, తెల్లారేలోపు నైలాన్‌ను కోసేస్తుంది. గాలి వైపు తాళ్లు ముందు బిగించండి, తర్వాతే మిగతావి. అన్నీ అయ్యాక కడ్డీ మీద అరచెయ్యి పెట్టి నెట్టి చూడండి. టెంట్ మొత్తం ఒక్కటిగా కదిలి వెనక్కి రావాలి. ఒక మూలే ఊగితే ఆ తాడు మళ్లీ కట్టాల్సిందే.

తాడును కారుకు కడితే పోదా అని అడుగుతారు. వద్దు. ఆరేళ్ల కిందట నేనూ కారు పైనున్న క్యారియర్‌కు కట్టాను. అర్ధరాత్రి అమ్మకు కడుపునొప్పి వచ్చింది. మాత్రల కోసం మా బావమరిది కంగారులో కారు తీశాడు. తాడు సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. కడ్డీ ఫట్‌మని విరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లోపల చిన్నోడు నిద్రపోతున్నాడు. వాడికి గీత కూడా పడలేదు, అది దేవుడి దయ. కారు కదిలే వస్తువు, దానికి ఏదీ కట్టకూడదు.

రాత్రి పడుకునే ముందు లైటు వేసుకుని ఒక్కసారి చుట్టూ తిరగండి. నైలాన్ తాడు మంచుకు తడిస్తే సాగుతుంది. వదులైనవి మళ్లీ బిగించండి.

రాత్రి

చలి ఎంత ఉన్నా బొగ్గుల కుంపటి గానీ స్టవ్ గానీ టెంట్‌లో వెలిగించొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. టెంట్ పైన ఉండే గాలి కిటికీలు మూసేయొద్దు. మూస్తే మన ఊపిరి తేమే గుడ్డకు పట్టి ముఖం మీద చుక్కలుగా పడుతుంది. ఎండుగడ్డి ఉన్నచోట చలిమంట వద్దు. చెప్పులు లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి వేసుకోండి. ఎవరికైనా పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం చేయకండి. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, జమ్మలమడుగు వైపు బయలుదేరండి. దూరం 15 కిలోమీటర్లు.

ఈమధ్య పడకలున్న క్యారవాన్లు అద్దెకు తెచ్చుకునేవాళ్లూ కనబడుతున్నారు. వాళ్లకు టెంట్ బాధ లేదు. బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాలి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకూడదు, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది.

పొద్దున

టెంట్ విప్పేటప్పుడు క్రమం తిరగబడుతుంది. ముందు కడ్డీలు తీసి, గుడ్డ నేలకు పడుకున్నాకే తాళ్లు విప్పాలి. క్యాన్లు చివరికి తీయాలి. రాళ్లను ఎక్కడివక్కడ పెట్టేయండి. చెత్త అంతా సంచిలో వేసుకుని ఇంటికి తీసుకురండి. అక్కడి నుంచి బెలుం గుహలకు వెళ్లేవాళ్లు పల్చటి నూలు బట్టలు వేసుకోండి, లోపల ఉక్కగా ఉంటుంది.

తడి టెంట్‌ను మడిచి మూలన పడేస్తే వారానికల్లా బూజు పట్టి వాసన కొడుతుంది. ఇల్లు చేరిన రోజే మిద్దె మీద ఆరేయండి. ఆరాక తాళ్లు లెక్కపెట్టండి. ఒరుసుకుపోయిన తాడు కనబడితే అప్పుడే కోసి పారేసి, దాని చోట కొత్తది కట్టి, సంచిలో పెట్టండి.