బరంపురం, పర్లాకిమిడి మిద్దెలపై సోలార్: గ్రిడ్‌కు కలపడం

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో కరెంటు సరఫరా చేసే కంపెనీ టీపీఎస్ఓడీఎల్. బిల్లు మీది కన్స్యూమర్ నంబరుతో మిద్దె సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. 3 కిలోవాట్లకు కేంద్ర సబ్సిడీ 78,000 రూపాయలు; ప్యానెళ్లలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే కావాలి. 540 వాట్ల ప్యానెళ్లు 6 చాలు. డీసీకి (ప్యానెళ్ల వైపు), ఏసీకి (ఇంటి కరెంటు వైపు), పిడుగు కడ్డీకి వేర్వేరు ఎర్తింగులు తీయించండి.

నెట్‌మీటర్ (వచ్చిన, పంపిన యూనిట్లను వేర్వేరుగా లెక్కేసే మీటరు) బిగించకముందే సోలార్ ఆన్ చేయొద్దు. బయటికి పంపిన యూనిట్లను కూడా మామూలు మీటరు వాడకంగా లెక్కేయొచ్చు.

మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పెట్టె) ఆగిపోతోందా? ప్యానెళ్లను తిట్టకండి, ముందు స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు చూడండి. అది సన్నగా, పొడవుగా ఉంటే కరెంటు బయటికి వెళ్లేటప్పుడు ఇంటి దగ్గర వోల్టేజీ పెరుగుతుంది. హద్దు దాటగానే ఇన్వర్టర్ కట్టవుతుంది. లావు వైరు వేయిస్తే సరి.

తుపానుకి లైను పోతే సోలారూ ఆగుతుంది, స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా. అప్పుడూ ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ముందే అడగాలి.