పిడుదు పట్టిందని తెలిసిన రాత్రి: అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు కొత్తగా వచ్చినవారికి

మేం న్యూజెర్సీకి వచ్చిన రెండో వేసవిలో అమ్మ మోకాలి వెనక ఒక నల్ల చుక్క కనిపించింది. జూన్ నెల, ఆదివారం రాత్రి. కాళ్లకు నూనె రాసుకుంటూ "ఇక్కడేదో పుట్టుమచ్చ లేచినట్టుందిరా" అంది. ముందు రోజు పొద్దున పెరట్లో గోంగూర మడి దగ్గర కూర్చుని రెండు గంటలు కలుపు తీసింది. మడి వెనకే చెట్లు, వాటి కింద కిందటేడు రాలిన ఆకులు. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే ఆ పుట్టుమచ్చకు కాళ్లున్నాయి. మెల్లగా కదులుతున్నాయి కూడా.

"ఏం కాదులే నాన్నా, గేదెలకు ఇలాంటివి ఎన్ని పీకలేదు నేను" అంది అమ్మ. నాకు మాత్రం చేతులు చల్లబడ్డాయి. తెల్లవార్లూ ఫోన్‌లో, పిడుదు కాటుతో అంటే లైమ్ డిసీజ్ అనే బాక్టీరియా జబ్బు గురించి చదువుతూ, చదివిన కొద్దీ టెన్షన్ పెంచుకుంటూ కూర్చున్నాను. ఆ రాత్రి పక్కన కూర్చుని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులే ఇప్పుడు రాస్తున్నాను.

ఇక్కడివాళ్లు టిక్ అనేది మన పిడుదునే. కొన్ని ఊళ్లలో గోమారి అంటారు. ఊళ్లో గేదె చెవి వెనక ఆముదం గింజంత లావుగా వేలాడుతుంటే చూసి ఉంటాం కాబట్టి, పిడుదు అంటే కంటికి కనబడేదే అనుకుంటాం. ఇక్కడ లైమ్‌ను మోసుకొచ్చేది నల్లకాళ్ల పిడుదు, అదే డీర్ టిక్. మే నుంచి జులై దాకా ఎక్కువగా తిరిగే దాని పిల్లలు గసగసాల గింజంతే ఉంటాయి. పెద్దదైనా రక్తం తాగకముందు నువ్వు గింజను మించదు. కరిచినప్పుడు నొప్పి ఉండదు, దురద కూడా ఉండకపోవచ్చు. అందుకే చాలామందికి తమకు పిడుదు పట్టిందనే తెలియదు.

అది ఎగరదు, దూకదు, చెట్టు మీంచి పడదు. గడ్డి కొసనో ఆకు అంచునో ముందు కాళ్లు చాచుకుని కాచుకుని ఉంటుంది. మన చీర అంచో ప్యాంటో తగలగానే పట్టుకుని పైకి పాకుతుంది. పెరట్లోకి జింక వస్తే పిల్లలంతా కిటికీ దగ్గరికి పరిగెడతారు, మనం వీడియో తీసి ఇంటికి పంపిస్తాం. పెద్ద పిడుదులు ఆ జింకల మీదే బతుకుతాయి. అయితే రోగక్రిమి వాటికి ఎక్కువగా అంటేది జింకల నుంచి కాదు, తెల్లకాళ్ల ఎలుకల నుంచి. కట్టెల కుప్పలు, రాతి గోడలు, రాలిన ఆకులు ఉన్నచోట ఆ ఎలుకలు ఉంటాయి. కాబట్టి జింక కనిపించకపోయినంత మాత్రాన పెరడు క్షేమమని అనుకోవద్దు.

ఈ భయం అమెరికా అంతటా ఒకేలా ఉండదు. న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కనెటికట్, మసాచుసెట్స్ నుంచి పైన మెయిన్ రాష్ట్రం వరకు, కింద మేరీలాండ్, వర్జీనియా వరకు, పడమటి వైపు మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో ఎక్కువ. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మీ స్నేహితులు "మాకూ పట్టింది, ఏమీ కాలేదు" అంటే ఆ మాట మీకు పనికిరాదు. అక్కడ ఎక్కువగా పట్టేది లోన్ స్టార్ అనే వేరే రకం, వీపు మీద తెల్ల చుక్కతో ఉంటుంది. దాని వల్ల లైమ్ రాదు. కానీ అది కరిచిన కొందరికి మాంసం పడకుండా పోతుంది, మటన్ తిన్న కొన్ని గంటలకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అదొక వేరే బాధ.

ఆ రాత్రే చేయాల్సింది

ముందుగా గుండె నిబ్బరం చేసుకోండి. డీర్ టిక్ పట్టిన వెంటనే లైమ్ క్రిమి ఒంట్లోకి రాదు. సాధారణంగా 24 గంటలకు పైగా పట్టుకుని ఉంటేనే అంటుతుంది. పట్టిన రోజే తీసేస్తే లైమ్ వచ్చే అవకాశం చాలా తక్కువ. అందుకే డాక్టరు అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా, కనబడిన క్షణమే తీసేయాలి.

సన్నటి మొన ఉన్న ట్వీజర్స్ కావాలి. పిడుదు పొట్టను కాకుండా, చర్మానికి ఆనుకుని ఉన్న మూతి దగ్గర పట్టుకుని, తిప్పకుండా, కుదపకుండా, నిదానంగా నేరుగా పైకి లాగాలి. తర్వాత ఆ చోటును, మీ చేతులను సబ్బుతో కడుక్కోండి.

నేను ఇక్కడే తప్పు చేశాను. ఇంట్లో ఉన్నది కనుబొమలకు వాడే వెడల్పాటి ట్వీజర్స్. దాంతో లాగితే పిడుదు వచ్చింది కానీ చర్మంలో సూది మొనంత నల్లటిది మిగిలిపోయింది. దాన్ని కూడా తీయాలని సూది కాల్చి, అమ్మ "అబ్బా" అంటున్నా పొడిచాను. అక్కర్లేదట. మూతి ముక్క మిగిలిపోయి, తేలిగ్గా రాకపోతే వదిలేయాలి, చర్మమే దాన్ని బయటికి తోసేస్తుంది. పిడుదు ఒళ్లు వచ్చేశాక ఆ ముక్క వల్ల లైమ్ రాదు. నా సూది వల్ల అక్కడ పుండైంది, వారం పాటు అది పిడుదు వల్ల వచ్చిన ఎరుపో సూది వల్ల వచ్చిన ఎరుపో తెలియక కొట్టుకుపోయాను.

ఇక మన ఇళ్లలో వచ్చే సలహాలు. కిరోసిన్ పోయమని ఒకరు, వేపనూనె రాయమని ఒకరు, అగ్గిపుల్ల వెలిగించి చూపిస్తే అదే వదిలేస్తుందని ఇంకొకరు. గేదెలకు, కుక్కలకు అలా చేసిన అనుభవంతో చెబుతారు, మన మేలు కోరే చెబుతారు. కానీ నూనె, వాసలీన్, నెయిల్ పాలిష్, వేడి, ఇవేవీ వద్దు. అది దానంతటది వదిలేదాకా ఎదురుచూసే సమయం మన దగ్గర లేదు. పైగా దాన్ని హింస పెడితే పొట్టలో ఉన్నది మన ఒంట్లోకే కక్కే ప్రమాదం ఉంది.

తీసినదాన్ని వేళ్లతో నలపకండి. ఫోన్‌తో దగ్గరగా ఒక ఫొటో తీసి, జిప్ కవర్లో వేసి మూయండి, లేదా పారదర్శకంగా ఉండే టేపు మధ్య అంటించండి. అది డీర్ టికా కాదా, రక్తం తాగి ఉబ్బిందా, పలచగానే ఉందా అన్నది చూసి డాక్టరు నిర్ణయం తీసుకుంటారు. ఉబ్బి ఉంటే చాలాసేపటి నుంచి పట్టుకుని ఉందని అర్థం. పిడుదును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించే సేవలు కొన్ని ఉన్నాయి కానీ, ఆ ఫలితాన్ని బట్టి మందు ఇవ్వొద్దనే ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. పిడుదులో క్రిమి ఉన్నంత మాత్రాన మీకు అంటిందని కాదు.

ఇంకొక్క పని, అదే అన్నిటికన్నా ముఖ్యం. తేదీ రాసుకోండి. ఏ రోజు చూశారు, ఒంట్లో ఎక్కడ పట్టింది, అంతకుముందు ఎప్పుడు, ఎక్కడ చెట్ల దగ్గర తిరిగారు అన్నవి రాసి పెట్టుకోండి. అసలు ఈ జబ్బు బయటపడిందే ఒక తల్లి రాసుకున్న వివరాల వల్ల. 1970లలో కనెటికట్‌లోని లైమ్ అనే ఊళ్లో పిల్లలకు మోకాళ్లు వాచిపోతుంటే, పాలీ మర్రీ అనే ఆవిడ తన ఇంట్లోనూ చుట్టుపక్కలా ఎవరికి ఎప్పుడు ఏమైందో రాసి పెట్టుకుంది. 1975లో అధికారులకు చెప్పింది, యేల్ యూనివర్సిటీ డాక్టర్లు వచ్చి చూశారు. దానికి కారణమైన బాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల్లో కనిపెట్టి 1982లో ప్రకటించారు. జబ్బుకు ఊరి పేరే ఉండిపోయింది.

డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేయాలి

మర్నాడు పొద్దున్నే చేయండి. ఎందుకంటే ముందుజాగ్రత్త మందుకు గడువుంది. డీర్ టిక్ 36 గంటలకు పైగా పట్టుకుని ఉండొచ్చనిపిస్తే, తీసిన 72 గంటల లోపు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒకే ఒక్క డోసు ఇస్తారు. పెద్దవాళ్లకు 200 మిల్లీగ్రాములు, పిల్లలకు బరువును బట్టి. అమ్మకు సోమవారం సాయంత్రం ఇచ్చారు, వంద మిల్లీగ్రాముల మాత్రలు రెండు ఒకేసారి. పిడుదు పట్టిన ప్రతివాళ్లకూ ఇవ్వరు. చర్మం మీద పాకుతున్నదాన్ని దులిపేస్తేనో, పట్టిన రెండు మూడు గంటలకే తీసేస్తేనో అవసరం లేదంటారు. దాన్ని నిర్లక్ష్యం అనుకోవద్దు.

ఆ మాత్ర నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. ఎండ తగిలితే చర్మం తొందరగా కందుతుంది. మన పెద్దవాళ్లలో చాలామంది కాల్షియం, ఐరన్ మాత్రలు వేసుకుంటారు, అవి దీని పనిని తగ్గిస్తాయి. ఎంత గ్యాప్ ఇవ్వాలో ఫార్మసిస్ట్‌ను అడగండి, అడిగినందుకు డబ్బులేమీ తీసుకోరు. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది రక్తపరీక్ష దగ్గర. మన ఊళ్లో అనుమానం వస్తే నేరుగా ల్యాబ్‌కు వెళ్లి రక్తం ఇచ్చేస్తాం. ఇక్కడా అలాగే "టెస్ట్ రాయండి" అని డాక్టరును పట్టుబడతాం. ఈ పరీక్ష క్రిమిని వెతకదు, దాని మీద మన ఒళ్లు తయారు చేసే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మర్నాడే చేయిస్తే నెగటివ్ వస్తుంది, దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉంటే మోసపోతాం.

తర్వాతి 30 రోజులు

కరిచిన చోట మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వచ్చే చిన్న ఎరుపు దోమ కుట్టినట్టుగానే వచ్చి పోతుంది, లైమ్ కాదు. లైమ్ మచ్చ మూడో రోజు నుంచి ముప్ఫయ్యో రోజు మధ్య, చాలామందిలో వారానికి అటూ ఇటూగా వస్తుంది. రోజురోజుకూ పెద్దదవుతుంది, జానెడు దాకా పెరగొచ్చు, కొన్నిసార్లు అంతకు మించి. నొప్పి, దురద సాధారణంగా ఉండవు, పట్టుకుంటే వెచ్చగా ఉండొచ్చు. మచ్చ అంచు చుట్టూ పెన్నుతో గీసి తేదీ వేసి రోజూ ఫొటో తీయండి, పెరుగుతోందో లేదో తెలిసిపోతుంది.

పుస్తకాల్లో, పోస్టర్లలో చూపించే బొమ్మ తెల్లటి చర్మం మీద ఎర్రటి వలయం. మన చామనచాయ మీద అంత స్పష్టంగా ఉండదు. గోధుమరంగులోనో, ఊదారంగులోనో, దెబ్బ తగిలి కమిలినట్టుగానో కనిపించొచ్చు. మధ్యలో వలయమే లేకుండా అంతా ఒకే రంగులో ఉండొచ్చు కూడా. కాబట్టి పగటి వెలుతురులో చూడండి, "ఎర్రగా లేదు కదా" అని వదిలేయకండి. అసలు మచ్చే రానివాళ్లు కూడా ఉంటారు, నలుగురిలో ఒకరు దాకా. వాళ్లకు జ్వరం, చలి, ఒళ్లునొప్పులు, తలనొప్పి, నీరసం వస్తాయి. వేసవిలో జలుబూ దగ్గూ లేకుండా ఫ్లూలాంటి జ్వరం వస్తే డాక్టరుకు పిడుదు మాట చెప్పండి. ఈమధ్యే ఇండియా నుంచి వచ్చి ఉంటే అదీ చెప్పండి. ఇదే పిడుదు మోసుకొచ్చే బబీసియా అనే ఇంకో క్రిమి మైక్రోస్కోపులో మలేరియా క్రిమిలాగే కనిపిస్తుంది. రెండు సంగతులూ తెలిస్తేనే డాక్టరు సరైన దారిలో వెతుకుతారు.

మొదట్లో పట్టుకుంటే లైమ్ నయమయ్యే జబ్బే. రెండు వారాల పాటు మాత్రలు, అంతే. వదిలేస్తేనే వారాలు, నెలల తర్వాత మోకాలు వాచడం, మూతి ఒక పక్కకు లాగడం, గుండె లయ తప్పి కళ్లు తిరగడం లాంటివి వస్తాయి. మూతి హఠాత్తుగా వంకర పోయినా, స్పృహ తప్పినా ముందు 911కు ఫోన్ చేయండి, పిడుదు సంగతి వచ్చినవాళ్లకు చెప్పండి. మందులు పూర్తయ్యాక కూడా కొందరికి నీరసం, నొప్పులు నెలల తరబడి ఉంటాయి. ఆ బాధ నిజమైనదే. కానీ దానికి నెలల కొద్దీ యాంటీబయాటిక్స్ ఎక్కించే చోట్లకు వెళ్లకండి. వాటివల్ల మేలు లేదని పరీక్షల్లో తేలింది, హాని మాత్రం ఉంది.

రోజూ పది నిమిషాలు

బయటి నుంచి రాగానే బట్టలు విప్పి నేరుగా డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు వేయండి. ముందు ఉతికితే పిడుదులు చావకపోవచ్చు, పొడి వేడికి చస్తాయి. రెండు గంటల లోపు స్నానం చేయండి. తర్వాత ఒళ్లు వెతకాలి. చెవుల వెనక, జడ కింద మెడ మీద, చంకలు, బొడ్డు లోపల, గజ్జలు, మోకాళ్ల వెనక చూడండి. పిల్లలకు మొలతాడు ఉంటే దాని కింద వేలు పెట్టి తడమండి. గసగసాల గింజ కంటికి దొరక్కపోయినా వేలికి తగులుతుంది. మా ఇంట్లో పిల్లలకు ఇది రాత్రి పళ్లు తోముకోవడంలా అలవాటైపోయింది.

చెట్ల బాటల్లో నడిచేటప్పుడు ప్యాంటు కొసలు సాక్సుల్లోకి దోపుకోండి, బాట మధ్యలో నడవండి. పురుగుల్ని దూరంగా ఉంచే డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న స్ప్రే ఒంటికి, పురుగుల్ని చంపే పర్మెత్రిన్ మందు బట్టలకు, బూట్లకు మాత్రమే. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ కొట్టిన బట్టలు పూర్తిగా ఆరేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకండి, తడి మందు పిల్లికి విషం.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

మన తల్లిదండ్రులు వచ్చేది ఎక్కువగా వేసవిలోనే, పిడుదులు బాగా తిరిగే కాలంలోనే. పొద్దునా సాయంత్రమూ నడుస్తారు, మొక్కల దగ్గర కింద కూర్చుంటారు, గుడి వెనక చెట్ల నీడ కనిపిస్తే అక్కడే ఆగుతారు. వీపు మీద, తొడల మీద వెతుకుతామంటే మొహమాటపడతారు, ఒంట్లో బాగాలేకపోయినా "మీకెందుకు ఖర్చు" అని చెప్పరు. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు, దగ్గర్లో ఏ క్లినిక్ దాన్ని తీసుకుంటుందో వాళ్లు దిగిన వారమే కనుక్కుని పెట్టుకోండి.

ముప్ఫై రోజులు గడవకముందే వాళ్లు తిరుగు ప్రయాణమైతే చేతికి ఒక కాగితం ఇచ్చి పంపండి. మన దగ్గర లైమ్ చాలా అరుదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జ్వరంతో వెళితే డాక్టరు డెంగ్యూ, టైఫాయిడ్, మలేరియా చూస్తారే తప్ప దీన్ని ఊహించరు. అమ్మ ఆగస్టులో వెళ్లేటప్పుడు గడువు దాటిపోయినా నేను రాసిచ్చాను. పిడుదు తీసిన తేదీ, పట్టిన చోటు, న్యూజెర్సీ అన్న మాట, ఇచ్చిన మందు పేరు, మోతాదు, పిడుదు ఫొటో ప్రింటు. అమ్మ దాన్ని పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకుంది. ఇంటికి చేరాక బీపీ మాత్రలు రాసే డాక్టరుకు చూపిస్తే ఆయన తన ఫైల్లో పెట్టుకున్నారట.