చేతితో చేసిన పాత పిటాన్‌ను గుర్తించడం, భద్రపరచడం

బండ పగుళ్లలో సుత్తితో దిగగొట్టి, తాడుకు ఆధారంగా వాడే లోహపు మేకును పిటాన్ అంటారు. 1940, 1950 దశకాల్లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో నిట్టనిలువు గ్రానైట్ గోడలను ఎక్కినవారు, తమకు కావలసినవి బజారులో దొరకక, కొన్నింటిని కొలిమిలో తామే చేసుకున్నారు. అటువంటిది మీ చేతికి వస్తే వెంటనే తుప్పు రుద్దకండి. దాని చరిత్ర పైపొర మీదే ఉంటుంది.

ముందు తలభాగాన్ని పరిశీలించాలి. ఐరోపా పద్ధతిలో మెత్తని ఇనుముతో చేసిన పిటాన్లు పగులు వంకరలకు తగ్గట్టు ఒదిగేవి, కానీ గ్రానైట్‌లో కొడితే వంగిపోయేవి, ఊడదీస్తే చాలావరకు పాడైపోయేవి. స్విట్జర్లాండ్‌లో పుట్టిన కమ్మరి జాన్ సలాథే ఈ చిక్కును గట్టి మిశ్రమ ఉక్కుతో తీర్చాడు. ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇరుసులను కరిగించకుండానే సాగగొట్టి పిటాన్లు చేశాడని చెప్పుకుంటారు. ఊడదీసి మళ్లీ మళ్లీ కొట్టగల ఆ పిటాన్లు ఉన్నందువల్లే 1947లో ఆయన, యాంటన్ నెల్సన్ ఐదు రోజుల పాటు గోడ మీదే గడిపి లాస్ట్ యారో శిఖరాన్ని చేరగలిగారు. కాబట్టి ఒంట్లో వంకర లేకుండా, తలకు రెండు పక్కలా సుత్తి దెబ్బలు కనిపిస్తే, అది పలుమార్లు ఊడదీసి వాడిన గట్టి ఉక్కు పిటాన్ అయ్యే అవకాశం ఎక్కువ.

తరువాత ముద్రను వెతకాలి. చీకటి గదిలో టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అరిగిన ముద్ర కూడా నీడల్లో తేలుతుంది. సలాథే కార్ఖానా ముద్ర డైమండ్ గడిలో పి అక్షరం. 1957లో పాత బొగ్గు కొలిమి, దాగలి కొని కమ్మరం సొంతంగా నేర్చుకున్న పర్వతారోహకుడు ఇవాన్ షునార్డ్ ముద్ర కూడా డైమండ్ గడే, లోపలి అక్షరం మాత్రం సి. షునార్డ్ సలాథే నమూనానే అనుసరించాడు కనుక ఆకారం చూసి సలాథేదని తేల్చేయడం తొందరపాటు. అమ్మేవారి మాటకన్నా భూతద్దాన్ని నమ్మడం మేలు.

ముద్ర లేనంత మాత్రాన పారవేయకూడదు. 1958లో పర్వతారోహకుడు వారెన్ హార్డింగ్ బృందం పూర్తిచేసిన, యోసెమిటీలోని ఎల్ కాపిటాన్ అనే గ్రానైట్ గోడ మీది నోస్ మార్గంలో, వెడల్పాటి పగుళ్ల కోసం పాత పొయ్యి కాళ్లనే పిటాన్లుగా కొట్టారు. ఆ పగుళ్లను నేటికీ స్టవ్‌లెగ్ పగుళ్లు అనే పిలుస్తారు. చూపుకు పాత ఇనుప ముక్కే అయినా, దాని కథ అంత పెద్దది.

శుభ్రం చేసే ముందు అన్ని వైపులా ఫొటోలు తీసి, పొడవు, మందం, బరువు రాసిపెట్టుకోవాలి. మెత్తని పొడి బ్రష్షుతో వదులుగా ఉన్న మట్టిని మాత్రమే దులపాలి. ఆమ్లం, తీగ బ్రష్షు, ఆకురాయి దగ్గరికి రానివ్వకూడదు. వేడి చేస్తే ఉక్కుకు పెట్టిన పదును, అంటే దాని గట్టిదనం, మారిపోతుంది. చివర పలుచగా మైనం పూసి, తేమ లేని పెట్టెలో ఉంచాలి. పిటాన్ లోపలి పగుళ్లు కంటికి కనిపించవు కనుక దానిపై మళ్లీ ఎవరూ బరువు వేయకూడదు.

గోడలో ఇంకా దిగి ఉన్న పాత పిటాన్‌ను స్మారకంగా ఊడదీసుకోవద్దు. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో చారిత్రక వస్తువులను తీసుకుపోవడం నిషిద్ధం. మీ దగ్గరున్నదానికి మాత్రం అది ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో రాసిన చీటీని నూలు దారంతో కట్టండి. లోహం మీద ఏమీ చెక్కవద్దు.